నీళ్లు మోసినవారికి తెలిసిన సంగతి

ధ్యానభాగము: యోహాను 2:1–11, 13:1–17

కానా వివాహవిందును గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. ద్రాక్షారసము చాలకపోవుట, ప్రభువు తల్లి పనివారితో పలికిన మాట, ఆరు రాతిబానలు, ప్రభువు చేసిన మొదటి సూచకక్రియ, ఇవన్నియు బాల్యమునుండి మనమెరిగినవే. అయితే తొమ్మిదవ వచనములో సువార్తికుడు ఒక చిన్న సంగతిని ప్రక్కమాటగా చెప్పి ముందుకు సాగిపోవుచున్నాడు. మంచి రసమును రుచిచూచిన విందుప్రధానికి అది ఏలాగు కలిగెనో తెలియలేదట. బావియొద్దనుండి నీళ్లు మోసిన పరిచారకులకు మాత్రము తెలిసెనట.

ప్రియ చదువరీ, ఈ మాటయొద్ద కొంచెము నిలువుము. ఆ దినమున ఆ యింట గొప్పవారు ఎందరో కూర్చుండి యుండిరి. విందుప్రధాని రుచుల విషయములో అనుభవశాలి. పెండ్లికుమారుడు విందు చేయించినవాడు. వారందరును ఆ రసమును త్రాగిరి, సంతోషించిరి, మెచ్చుకొనిరి. కాని అద్భుతము జరిగినదని వారికి తెలియనే లేదు. తెలిసినది ఎవరికి? చేతులు తడిసినవారికి, భుజములు నొచ్చినవారికి. ఒక్కొక్క బానలో నేటి కొలతను బట్టి ఎనుబది మొదలుకొని నూట ఇరువది లీటర్ల వరకు నీళ్లు పట్టును. ఆరు బానలు అంచులవరకు నింపవలెననిన ఎన్ని మారులు బావియొద్దకు పోయి రావలెనో ఊహించుకొనుము. వారు మోయుచున్నంతసేపు ఆ నీళ్లు నీళ్లవలెనే యుండెను. ఎందుకు మోయుచున్నారో వారికెవరును వివరింపలేదు. వారు లోబడిరి, లోబడిన తరువాత ఎరిగిరి.

విద్యార్థి యనగా జ్ఞానమును కోరువాడు. గ్రంథము చదివిన వచ్చు జ్ఞానము ఒకటి యున్నది. దానిని మనము తక్కువ చేయరాదు. అయితే నీళ్లు మోసినవారికి మాత్రమే దేవుడు అనుగ్రహించు జ్ఞానము మరియొకటి యున్నది. అది ఏ పరీక్షాపత్రములోను కనబడదు. అయినను మనుష్యుని మార్చునది అదియే. సంఘసేవకు బయలుదేరిన విద్యార్థుల జీవితములలో కలుగు మార్పును ఈ వెలుగులో విచారింతము. ఇందుకు ఒక నగరమును మన యెదుట ఉంచుకొందము. అది గుజరాతులోని సూరత్.

సూరత్ మనకు దూరపు ఊరే గాని పరాయి ఊరు కాదు. మన యిండ్లలోని బీరువా తెరచి చూచినయెడల, తల్లి కట్టుకొనునదో చెల్లి కట్టుకొనునదో సూరత్ చీర ఒకటైనను కనబడును. ఆ నగరములోని లక్షలాది మరమగ్గముల యొద్ద పనిచేయువారిలో మన తెలుగువారును ఉన్నారు. తెలంగాణ జిల్లాలనుండి నేతపని చేయు పద్మశాలి కుటుంబములు అనేకములు తరతరములుగా అక్కడికి వలసపోయి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. ఆ నగరపాలక సంస్థ నడుపు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమము కూడ ఉండుటయే మనవారు అక్కడ ఎందరున్నారో తెలుపుచున్నది.

ఈ నగరము రెండు గొప్ప శ్రమలనుండి దాటిపోయినది. 1994 సెప్టెంబరులో అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు బయలుపడెను. కొన్ని దినములలోనే లక్షలమంది జనులు రైళ్లలోను బస్సులలోను నగరము విడిచి పారిపోయిరి. ప్రైవేటు వైద్యులలో అనేకులు తలుపులు మూసికొని వెళ్లిపోగా, న్యూ సివిల్ ఆసుపత్రిలోని వైద్యులును నర్సులును రోగులయొద్ద నిలిచిరి. మరుసటి సంవత్సరము నగరపాలక సంస్థకు కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు, అనగా సూర్యదేవర రామచంద్రరావు, అధికారులను చల్లని గదులనుండి లేపి ప్రతిదినము వీధులలోనికి పంపెను, తానును వెళ్లెను. పేటలలోని మురుగును చెత్తను కన్నులార చూచినప్పుడే వారికి నగరము తెలిసెను. 1996లో ఇన్‌టాక్ సంస్థ ఆ సూరత్‌నే చండీగఢ్ తరువాత దేశములో రెండవ పరిశుభ్ర నగరముగా ఎంచెను. గదిలో కూర్చుండి కాగితములు చదివినంతకాలము ఎరుగని సంగతిని, వీధిలో నడచిన పాదములు ఎరిగినవి.

రెండవ శ్రమ 2006 ఆగస్టులో వచ్చెను. పైనున్న ఉకాయ్ ఆనకట్టనుండి తొమ్మిది లక్షల క్యూసెక్కుల వరకు నీరు విడువగా, తపతీ నది నగరములో అత్యధిక భాగమును ముంచివేసెను. చుట్టును నీరు, త్రాగుటకు నీరు లేదు. మేడలలో చిక్కుకొనినవారు పాలకొరకును రొట్టెకొరకును ఎదురుచూచిరి. నీరు తీసిన తరువాత ఇండ్లలోను వీధులలోను బురద మిగిలెను. చచ్చిన పశువులు, కుళ్లిన ధాన్యము, తడిసిన బట్టల మూటలు వీధులలో పడియుండెను. ఇట్టి వేళలలోనే ఏ దేశములోనైనను కళాశాలల యువజనులు పిలువబడుదురు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాదిమందిని తీసికొనిపోయినప్పుడు మన రాష్ట్రములోను యువకులు ఆలాగే పిలువబడిరి. అట్టి పనికి వెళ్లినవాడు తిరిగి వచ్చునప్పుడు వెళ్లినవాడుగానే తిరిగి రాడు. అతనిలో మారునదేమి?

మొదటిది, అతని కన్నులు మారును.

వాణిజ్యశాస్త్రము చదువుచున్న ఒక యువకుడున్నాడని తలంచుకొందము. సాయంకాలములు అతడు మరమగ్గముల పేటలోని పిల్లలకు లెక్కలు చెప్పుటకు వెళ్లుచున్నాడు. ఒక పిల్లవాడు ప్రతిదినమును పలకమీద తల వాల్చి నిద్రపోవును. వీడు సోమరి యని యువకుడు విసుగుకొనెను. ఒక దినమున ఆ బాలుని యింటికి వెళ్లెను. ఒక్కటే గది. రాత్రి పండ్రెండు గంటలు మగ్గముల హోరులో నిలిచి పనిచేసి వచ్చిన తండ్రి మూలలో నిద్రించుచున్నాడు. తల్లి కూలికి తెచ్చిన చీరలలో వ్రేలాడు దారములను కత్తిరించుచున్నది. తెల్లవారకముందే లేచి కుళాయియొద్ద వరుసలో బిందె పెట్టువాడు ఆ పిల్లవాడే. యువకునికి అప్పుడు తెలిసెను. అతని పాఠ్యపుస్తకములో వస్త్రము ఖరీదు లెక్క కట్టునప్పుడు కూలి అని ఒక వరుస యుండును. ఆ వరుసను అతడు వందమారులు కూడియున్నాడు. ఆ దినమునుండి ఆ వరుసకు ఒక ముఖము కలిగెను.

మంచి సమరయుని ఉపమానములో యాజకుడును లేవీయుడును చూడకపోలేదు. చూచియే ప్రక్కగా పోయిరి. సమరయుడును చూచెను, అతడు దగ్గరకు వచ్చెను. కన్ను మారినదో లేదో తెలియవలెననిన పాదములు ఎటు తిరిగినవో చూడవలెను. సేవ విద్యార్థిని ప్రక్కత్రోవనుండి దగ్గరకు తీసికొనివచ్చును. దగ్గరకు వచ్చినవాడు ఇక మీదట పేదలను గూర్చి తేలికగా మాటలాడలేడు.

రెండవది, అతని చేతులు మారును.

ఇక్కడ మన సంఘములలో అనేకులైన తల్లిదండ్రుల హృదయములోనున్న మాటను మరుగుచేయక చెప్పవలెను. కుమారుడు పారపట్టి బురద ఎత్తుటకు పోవుచున్నాడని వినినప్పుడు తండ్రి ముఖము చిన్నబోవును. మీ తాత దొరల యింట వెట్టిచాకిరి చేసెను. నేను కూలిచేసి నిన్ను చదివించితిని. నీవు మరల పార పట్టుటకా యని అతడు అడుగును. ప్రియులారా, ఈ ప్రశ్నను ఎవరును తృణీకరింపకూడదు. దాని వెనుక తరతరముల కన్నీరున్నది. గొప్ప కులములలో పుట్టినవారికి పార పట్టుట ఒక దిన ప్రయోగము కావచ్చును. వెట్టి చేసినవారి మనుమనికి అది గాయమును రేపు పని.

అయితే యోహాను పదమూడవ అధ్యాయమును శ్రద్ధగా చదువుము. ప్రభువు శిష్యుల పాదములు కడుగక మునుపు సువార్తికుడు ఏమి వ్రాసినాడు? సమస్తమును తన చేతులలో పెట్టబడియున్నదనియు, తాను దేవునియొద్దనుండి వచ్చితిననియు, మరల ఆయనయొద్దకే పోవుచున్నాననియు ఆయనకు తెలిసియుండెను. ఆ తెలివితోనే ఆయన లేచి తువాలు కట్టుకొనెను. వెట్టికిని సేవకును గల భేదము ఇదియే. వెట్టిలో ఒకడు మరియొకనిని బలవంతముగా వంచును. సేవలో నిటారుగా నిలువ హక్కు గలవాడు తనంతట తాను వంగును. వెట్టి మనుష్యుని పేరు తీసివేయును. సేవ అతనికి ప్రభువు పేరు నిచ్చును. బంధకములనుండి విడిపింపబడినవాని మనుమడు ఎవని ఆజ్ఞయు లేక, ఎవని భయమును లేక, తన స్వేచ్ఛతో పొరుగువాని గుమ్మములోని బురద ఎత్తినప్పుడు, తాత కన్నీరు వ్యర్థము కాలేదు. దానికి ఫలము కలిగినది.

అంతే కాదు. ఒక వారము బురద ఎత్తిన చేతికి మరియొక సంగతి తెలియును. నేను వారము దినములు చేసిన పనిని, పారిశుధ్య కార్మికుడు సంవత్సరమంతయు చేయుచున్నాడే, చేతికి తొడుగు లేక, కాలికి చెప్పు లేక, ఎవనిచేతను వందనము పొందక చేయుచున్నాడే యని అతడు గ్రహించును. అట్టి గ్రహింపు కలిగిన విద్యార్థి రేపు ఇంజనీరు అయినను, అధికారి అయినను, ఆ కార్మికుని చూచు చూపు వేరుగా నుండును. అతడు కాలువ మూతకు నమూనా గీయునప్పుడు దానిలోనికి దిగవలసిన మనుష్యుడు అతనికి జ్ఞాపకము వచ్చును. ఆ మార్పు కలుగనియెడల మన సేవ కేవలము ఒక వారము వినోదమే.

మూడవది, అతని స్థానము మారును.

సేవకు వెళ్లువాడు తాను ఇచ్చువాడననియు ఎదుటివాడు పుచ్చుకొనువాడనియు తలంచును. కొన్ని దినములలోనే ఈ లెక్క తారుమారగును. సూరత్ నగరము వజ్రములకును ప్రసిద్ధి. లోకములో సానబట్టబడు వజ్రములలో అత్యధిక భాగము ఆ ఊరిలోనే సానబట్టబడుచున్నవి. వజ్రమును సానబట్టుటకు ఇనుము చాలదు, రాయి చాలదు. సానచక్రము మీద వజ్రపు పొడి పూయవలెను. వజ్రముచేతనే వజ్రము కాంతినొందును. ఆలాగే మనుష్యుని మనుష్యుడే పదునుచేయునని సామెతల గ్రంథకర్త (27:17) చెప్పుచున్నాడు. తాను వెలిగింపబోయిన ఆ పేదపిల్లవాడే తనకు సానచక్రమైనాడని ఆ యువకుడు గ్రహించు దినము వచ్చును. ఇరుకు గదిలో అతనికి ఇచ్చిన టీ గ్లాసు, ఉన్న ఒక్క కుర్చీని అతనికి వేసి తాము నేలమీద కూర్చున్న ఆ కుటుంబపు మర్యాద, అతని గర్వమును అరుగదీయును.

మన మిషను చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ దె గ్రాంజ్ అను వారిని విశాఖపట్టణమునకు పంపిన లండను మిషనరీ సంఘమే, 1815లో జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ అను వారిని సూరత్‌నకు పంపెను. బోధింపవచ్చిన వీరందరును మొదట శిష్యులుగా కూర్చుండవలసివచ్చెను. విశాఖలో ఆనందరాయరు సహాయము లేక దె గ్రాంజ్ గారి తెలుగు సువార్తలు లేవు. సూరత్‌లోను గుజరాతీ భాషయొద్ద ఓనమాలు దిద్దుకొనిన తరువాతనే స్కిన్నర్, ఫైవీ గారలు గుజరాతీ బైబిలును సిద్ధపరచగలిగిరి. ఎవరియొద్దకు పంపబడితిమో వారియొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడువాడు అక్కడ ఏమియు ఇయ్యలేడు.

ఇప్పుడు ఒక హెచ్చరిక అవసరము.

మన దేశములో జాతీయ సేవా పథకము 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరములో, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమాయెను. నేను కాదు, నీవే అను భావము దాని ధ్యేయవాక్యము. అందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవచేయవలెను. ఏడు దినముల శిబిరమునకు వెళ్లవలెను. ఇది మంచి యేర్పాటు. మన క్రైస్తవ కళాశాలల బిడ్డలు ఇందులో సంతోషముగా పాల్గొనవలెను. అయితే గంటలు లెక్కింపవచ్చును గాని ప్రేమను లెక్కింపలేము. యోగ్యతాపత్రము కొరకు 240 గంటలు నిలిచి, 241వ గంటకు పేదవాని వీధి మరచిపోయినవాడు నీళ్లు మోసెను గాని సంగతి ఎరుగలేదు. చీపురు పట్టుకొని ఫోటో తీయించుకొని, ఫోటో అయిన తరువాత చీపురు క్రింద పెట్టువాని సంగతి చెప్పనేల? కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకుండవలెనని ప్రభువు నేర్పెను. మనము దానిని ఊరందరికి తెలుపుటకు త్వరపడుచున్నాము.

దీనికంటె లోతైన అపాయము మరియొకటి కలదు. సేవచేయుటచేత నేను నీతిమంతుడనైతినని తలంచుట. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము ఎనిమిది మొదలు పది వచనముల వరకు కలిపి చదువుము. రక్షణ కృపచేతనే, క్రియలవలన కాదు. అయితే కృప పొందినవారు సత్‌క్రియల కొరకే క్రీస్తునందు సృజింపబడిరి. వేరు కృప, ఫలము సేవ. ఫలములను త్రాళ్లతో కొమ్మలకు కట్టినంతమాత్రమున చెట్టు బ్రదుకదు. బ్రదికిన చెట్టు కాయక మానదు. కానాలో పరిచారకులు నీళ్లను రసముగా మార్చలేదు. వారు మోసిరి, మార్చినవాడు ప్రభువు. ఈ భేదము మరచిన సేవకుడు త్వరలోనే అలసిపోవును, లేక గర్వించును.

ఇక్కడ లేఖనములలోని ఒక ఆశ్చర్యమును గమనింతము. కానాలో పరిచారకులు ఎరిగినవారు. మత్తయి 25వ అధ్యాయములోనో, సింహాసనము ఎదుట కుడివైపున నిలిచినవారు ఎరుగనివారు. మేము నీకు ఎప్పుడు ఆహారమిచ్చితిమి, ఎప్పుడు నిన్ను చూడవచ్చితిమి అని వారు విస్మయముతో అడుగుచున్నారు. ఈ రెండును ఏలాగు పొసగును? నిజమైన సేవకుడు ప్రభువు చేసినదానిని ఎరుగును, తాను చేసినదానిని మరచును. లోకపు సేవకుడు తాను చేసినదానిని లెక్కవ్రాసికొనును, ప్రభువు చేసినదానిని చూడనే చూడడు. విద్యార్థి జీవితములో సేవవలన మార్పు కలిగినదో లేదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. శిబిరమునుండి తిరిగి వచ్చిన నీ కుమారుడు భోజనమునకు కూర్చున్నప్పుడు ఎవరిని గూర్చి మాటలాడుచున్నాడు? తాను ఎత్తిన తట్టలను గూర్చియా, అక్కడ తాను చూచిన మనుష్యులను గూర్చియా?

కావున మన సంఘములకు ఒక మనవి. వేసవి సెలవులలో పిల్లలకు బైబిలు బడి నడుపుచున్నాము. యౌవనులకు కూటములు జరుపుచున్నాము. పాటలు నేర్పుచున్నాము, వాక్యములు కంఠస్థము చేయించుచున్నాము. ఇవి బానలు. వాటిలో నీళ్లు నింపుటకు వారిని బావియొద్దకు కూడ పంపుదము. ఊరిలోని ప్రభుత్వ ఆసుపత్రికి, వలసకూలీల గుడిసెలకు, మాటలాడువారు లేని ముసలివారి యొద్దకు పెద్దలలో ఒకరు వారిని వెంటబెట్టుకొని పోవలెను. తిరిగి వచ్చిన రాత్రి వారిని కూర్చుండబెట్టి, నేడు ఏమి చూచితిరి, ప్రభువు మీకు ఏమి తెలిపెను అని అడుగవలెను. అడుగువారు లేక ఎన్నో అనుభవములు మొలకెత్తకముందే ఎండిపోవుచున్నవి.

తల్లిదండ్రులారా, చదువు పాడగునని భయపడకుడి. ప్లేగునకు ఊరు విడిచిన సూరత్, నీట మునిగిన సూరత్, 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణలో ఇండోర్‌తో పాటు మొదటి స్థానమును పొందినది. గదులు విడిచి వీధులలో నడచినవారివలనను, తెల్లవారకముందే లేచి ఊడ్చినవారివలనను అది కలిగెను. వారిలో ఎక్కువమంది పేరులు ఎవరికిని తెలియవు. నీ బిడ్డ అట్టివారి ప్రక్కన ఒక్క దినమైనను నిలిచినయెడల అతడు కోల్పోవునది ఒక దినపు పాఠము. పొందునది జీవితమంతయు చదువవలసిన పాఠము.

యౌవనుడా, యువతీ, నీవు విందులో కూర్చుండి రుచిచూచి పోవుదువా, బావియొద్దకు పోయి నీళ్లు మోసి ఎరుగుదువా? రసము ఇద్దరికిని దొరకవచ్చును. ఆ రసము ఎవరివలన కలిగెనో తెలియు సంతోషము మాత్రము మోసినవారిదే.

ప్రార్థన: కానా విందులో నీళ్లు మోసినవారికి నీ మహిమను చూపిన ప్రభువా, మా బిడ్డలను కూర్చుండు స్థలములనుండి లేపి నీ బావియొద్దకు నడిపింపుము. బలవంతముగా వంచబడిన మా పితరుల వీపులను జ్ఞాపకము చేసికొని, స్వేచ్ఛతో వంగు హృదయమును మాకు దయచేయుము. మేము చేసినది మరచిపోవునట్లును, నీవు చేసినది మరువకుండునట్లును మమ్మును కాపాడుము. సూరత్ మగ్గములయొద్దను, మా యూరి వీధులలోను శ్రమించువారి ముఖములలో నిన్ను గుర్తించు కన్నులు మాకనుగ్రహింపుము. యేసునామమున వేడుచున్నాము. ఆమేన్.